మట్టి ట్రాక్‌కి పాత మారుతి జెన్ – 5వ పాఠం: దారంతో టో

ఈసారి బ్రేకులు మొదలుపెడదామనుకున్నా. కానీ స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన ముందు సస్పెన్షన్ కాళ్లు) మార్చినవాళ్లలో చాలామంది "అన్నా, స్టీరింగ్ వంకరగా ఉంటోంది, బండి ఎడమకి లాగుతోంది" అంటున్నారు, కాబట్టి బ్రేకులు ఆగుతాయి. ముందు టో సరిచేద్దాం, అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో (టో-ఇన్) బయటికో (టో-అవుట్) ఎంత తిరిగి ఉన్నాయన్నది.

ఇందులో వింతేం లేదు. స్ట్రట్‌ని నకిల్‌కి (చక్రం హబ్‌ని మోసే ఇనప ముక్కకి) పట్టే రెండు బోల్టుల రంధ్రాల్లో కాస్త సందు ఉంటుంది. బిగించేటప్పుడు చక్రం ఎటు ఒరిగితే క్యాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) అటు మారుతుంది, దాని వెంటే టో. బోల్టులు వదులు చేసి, రెండు వైపులా చక్రం పైభాగాన్ని లోపలికి నొక్కి పట్టి బిగించండి. గ్రైండర్‌తో స్ప్రింగులు కోసి బండిని కిందికి దించినవాళ్లు మాత్రం ముందు సరైన స్ప్రింగులు వేసుకుని రండి, గుంటల మట్టిలో మనకి కావాల్సింది ఎత్తు.

నేల సమంగా ఉందో లేదో మేస్త్రీల లెవెల్ పైపుతో చూసుకోండి. స్టీరింగ్ నిటారుగా కట్టేసి, హబ్ (చక్రం మధ్య భాగం) ఎత్తులో బండికి రెండు పక్కలా నైలాన్ దారం లాగండి. ముందు హబ్ నుంచి దారానికి ఎడమ, కుడి దూరం ఒకటే ఉండాలి, వెనకా అంతే. ముందూ వెనకా ఒకటే ఉండక్కర్లేదు. ఇప్పుడు స్టీల్ స్కేలుతో రిమ్ము ముందు అంచు నుంచి, వెనక అంచు నుంచి దారానికి కొలవండి. ముందు ఎక్కువ వస్తే టో-ఇన్, తక్కువ వస్తే టో-అవుట్. మట్టికి నేను చక్రానికి 1 మి.మీ. టో-అవుట్ పెడతా, ముక్కు చురుగ్గా తిరుగుతుంది. అదే బండిలో ఆఫీసుకి వెళ్లేవాళ్లు సున్నా పెట్టుకోండి, లేకపోతే టైరు లోపలి అంచు అరిగిపోతుంది.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. జాకీ దించిన వెంటనే కొలవకండి! గాల్లో ఉన్నప్పుడు చక్రాలు కిందికి వేలాడుతూ లోపలికి ముడుచుకుంటాయి. నేలకి ఆనగానే బయటికి జరగాలని చూస్తాయి గానీ రబ్బరు నేలని పట్టేస్తుంది, బండి సగం ఎత్తులోనే ఇరుక్కుంటుంది. అప్పుడు స్కేలు చూపించేది ఆ ఇరుకులో ఉన్న టో, మీరు నడిపేటప్పటి టో కాదు. గచ్చు మీద ఒక అంకె వస్తుంది, నున్నటి టైల్స్ మీద ఇంకో అంకె, ఆయిల్ కారిన చోట మూడోది, మీరేమో టై రాడ్‌ని (స్టీరింగ్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ, టో మార్చేది దీంతోనే) అనుమానిస్తూ కూర్చుంటారు. బండిని ఒక బండి పొడవు వెనక్కి తోసి మళ్లీ ముందుకి తెచ్చి, బానెట్ మీద రెండు చేతులతో నొక్కి ఊపి, అప్పుడు కొలవాలి. టై రాడ్ ముట్టుకున్న ప్రతిసారీ ఇదే, "కొంచెమే తిప్పా కదా" అన్నా సరే. ఓపిక లేకపోతే టైర్ల కింద గ్రీజు పూసిన రెండేసి పాలిథిన్ షీట్లు వెయ్యండి, నేనదే చేస్తా. నా బరువుకి సరిపడా బియ్యం బస్తాలు కూడా డ్రైవర్ సీట్లో పడేస్తా.

టై రాడ్‌ని రెండు పక్కలా సమానంగా, పావు చుట్టు చొప్పున తిప్పండి. ముందు రాక్ బూటు (టై రాడ్ లోపలి చివర ఉండే రబ్బరు తొడుగు) క్లిప్పు వదులు చెయ్యకపోతే రబ్బరు మెలిపడి చిరుగుతుంది. లాక్ నట్ బిగించాక మళ్లీ కొలవండి, బిగింపులోనే టో కాస్త కదులుతుంది.

అభ్యాసం: దారాలు మొత్తం విప్పేసి, మొదటినుంచి మూడుసార్లు కట్టి కొలవండి. మూడూ అర మిల్లీమీటరు లోపు కలిసేదాకా పానా ముట్టుకోవద్దు. కలవకపోతే ముందు దారం వదులైందేమో చూడండి.