గదిలో వేరుగా ఉన్న బిడ్డకు రోజూ ఒక వేళ కేటాయించండి

ఆటలమ్మ సోకిన పిల్లలను పొక్కులన్నీ ఎండి పక్కు కట్టేవరకు, అంటే సుమారు 5 నుంచి 7 రోజులు, వేరుగా ఉంచక తప్పదు. అయితే మా శ్రీకాకుళం పల్లెల్లో గుమ్మానికి వేపమండ కట్టి "ఎవరూ లోపలికి వెళ్లకండి" అని పెద్దలు చెప్పే మాట, లోపలున్న బిడ్డ చెవిన పడి, తానేదో తప్పు చేశానన్న భయంగా మారవచ్చు. అందుచేత "ఇది నీ తప్పు కాదు, పొక్కులు మాడగానే బయటకు వస్తావు" అని మొదటి రోజే చెప్పండి.

ఆపైన, ఈ జబ్బు ఇదివరకే వచ్చి తగ్గినవారొకరు రోజూ ఒకే వేళకు బిడ్డ పక్కన కూర్చోవాలి. మేము దీపాలు పెట్టే వేళను ఎంచుకున్నాము. ఏడవవద్దని వారించకుండా, "ఈ రోజు నీకు ఏది బాధ అనిపించింది?" అని అడిగి, చెప్పేదాకా ఓపికపట్టడమే ఇందులో అసలు పని. ఆరేళ్ల మా పాప రెండు రోజులు నోరు విప్పలేదు; మూడోనాడు గోడవైపు తిరిగి, "చెల్లి నన్ను మరిచిపోతుందా?" అంది. వెంటనే చెల్లిని మూసిన తలుపుకు ఇవతల కూర్చోబెట్టి, ఇద్దరిచేత పొడుపుకథలు చెప్పించాము. ఆ రాత్రి కంచంలో మెతుకు మిగల్చలేదు.

బడికి వెళ్లడం మొదలయ్యాక కూడా దిగులు వీడకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి అయిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.