హోమ్‌లో చేర్చే ముందు: రాత్రి రెండింటికి మేలుకుని ఉండేదెవరో అడగండి

మా తమ్ముడికి 36 ఏళ్లు. పుట్టుకతోనే మేధో వైకల్యం, పదో ఏట నుంచి ఫిట్స్. నాన్న పోయాక వాణ్ణి అమ్మే సాకింది. ఆరడుగుల మనిషికి స్నానం చేయించి, బట్టలు మార్చి, అన్నం కలిపి పెట్టడం డెబ్బై దాటిన ఆవిడ వల్ల కాకుండా పోయింది. "నేను పోతే వీడి గతేంటే" అని అమ్మ అడిగినప్పుడల్లా "నేను లేనా" అనేదాన్ని. నాకేమో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, రెండు గదుల ఇల్లు. ఆఖరికి హైదరాబాద్ శివారులో, ఇలాంటివాళ్లను ఉంచుకుని చూసుకునే ఓ హోమ్‌లో చేర్చాం. ఏడాది తిరక్కుండానే వెనక్కి తెచ్చుకున్నాం. ఇప్పుడు వాడు ఇంకో చోట, ఆరుగురు మగవాళ్లు కలిసి ఉండే చిన్న ఇంట్లో ఉన్నాడు.

మొదటి హోమ్‌కి వెళ్లినప్పుడు పాలరాతి నేల చూశాం, సీసీ కెమెరాలు చూశాం, ఫిజియోథెరపీ గది చూశాం. రాత్రి పూట అక్కడ ఏం జరుగుతుందో మాత్రం చూడలేదు. ఒకరోజు పొద్దున ఆరున్నరకి ఫోన్ చేశారు, "రాత్రి కాస్త ఫిట్స్ వచ్చినట్టుంది మేడమ్" అని. వెళ్లేసరికి నాలుక కొరుక్కుని ఉన్నాడు. దిండు గలేబు మీద నెత్తురు ఎండి అట్టకట్టింది. ఎన్నింటికి వచ్చింది, ఎంతసేపు ఉంది, ఎన్నిసార్లు వచ్చింది, ఒక్కదానికీ జవాబు లేదు. ఇరవై ఇద్దరికి రాత్రి డ్యూటీలో ఒక్కడే మనిషి. అతను కింద పడుకుని ఉన్నాడు, మావాడు పై అంతస్తులో. కెమెరాలో అంతా రికార్డయింది, చూసేవాళ్లే లేరు.

మీ ఇంట్లోనూ పెద్దయిన స్పెషల్ చైల్డ్ ఉండి హోమ్ వెతుకుతుంటే, ఫీజు సంగతి తర్వాత మాట్లాడండి. ముందు ఈ ప్రశ్న వేయండి: రాత్రి రెండు గంటలకు ఇక్కడ మేలుకుని ఉండేదెవరు?

"స్టాఫ్ ఉంటారండీ" అంటే సరిపోదు. ఎంతమంది, ఏ అంతస్తులో, మంచం వేసుకునా కుర్చీలోనా, ఎవరైనా మూలిగితే వినబడుతుందా, అన్నీ అడగండి. పగలు డ్యూటీ చేసిన మనిషే రాత్రి కూడా చేస్తుంటే అతను నిద్రపోవడం తప్పు కాదు, అలా డ్యూటీ వేయడమే తప్పు. డ్యూటీ రిజిస్టర్ చూపించమనండి. వీలైతే చెప్పకుండా రెండుసార్లు వెళ్లండి, ఒకసారి రాత్రి ఎనిమిదిన్నరకి, ఒకసారి పొద్దున ఆరింటికి. పదకొండు గంటలకు అపాయింట్‌మెంట్ తీసుకుని వెళ్తే ఏ హోమ్ అయినా బాగానే కనిపిస్తుంది.

రాత్రి సంగతి కాబట్టి తాళాల గురించి కూడా చెప్పాలి. తప్పిపోతారన్న భయంతో హోమ్‌లలో గ్రిల్ గేట్లకు తాళం వేస్తారు. ఆ భయం నిజమే, కాదనను. కానీ 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో తెల్లవారుజామున మానసిక రోగులను ఉంచే షెడ్డుకు నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. కాబట్టి తాళం చెవి ఎక్కడ ఉంటుందో, చీకట్లో కరెంటు పోతే ఎంతసేపట్లో తీయగలరో అడగండి. తీసి చూపించమనండి. నడవలేని వాళ్లను పై అంతస్తులో ఉంచితే ఆ హోమ్ గురించి ఇంకేమీ చూడనక్కర్లేదు, వెనక్కి వచ్చేయండి.

మందులు

మందులిచ్చే చార్టు చూపించమని అడగండి. మేం మొదటి హోమ్‌లో అడిగింది ఫిట్స్ వచ్చిన ఆ రోజే, అదీ అనుమానంతో. ఆ రోజు తేదీ 26. చార్టులో 30వ తేదీ రాత్రి మాత్ర వరకు టిక్కులు పెట్టేసి ఉన్నాయి. ఒకే పెన్ను, ఒకే చేయి, ఒకే వాలు. స్ట్రిప్ తీసి లెక్కపెడితే ఆ రోజుకి మిగలాల్సిన వాటికంటే నాలుగు మాత్రలు ఎక్కువ ఉన్నాయి. అంటే నాలుగు పూటలు వేయలేదన్నమాట. ఫిట్స్ మందు ఒకటి రెండు పూటలు తప్పినా చాలు, మళ్లీ రావడానికి.

చార్టు సరిగా ఉంటే చేతిరాతలు మారతాయి, టైములు పది నిమిషాలు అటూ ఇటూ అవుతాయి, అక్కడక్కడ "వాంతి చేసుకున్నాడు", "మింగలేదు" అని రాసి ఉంటుంది. అలాంటి గజిబిజి చార్టునే నేను నమ్ముతాను. నెలకోసారి వెళ్లినప్పుడు మీరే కూర్చుని మిగిలిన మాత్రలు లెక్కపెట్టండి. మొహమాటపడకండి. చౌకగా దొరికిందనో, పాత కంపెనీది స్టాకు లేదనో ఫిట్స్ మందు కంపెనీ మార్చేస్తుంటారు. డాక్టర్‌ని అడగకుండా మార్చవద్దని రాసి ఇవ్వండి.

ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇంకో కాగితం కావాలి. అందులో మీవాళ్ల ఫిట్ ఎలా మొదలవుతుందో, మామూలుగా ఎంతసేపు ఉంటుందో తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. వచ్చినప్పుడు టైము చూడాలి, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి. చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య స్పూను దూర్చడం, నోట్లో నీళ్లు పోయడం చేయకూడదు. ఐదు నిమిషాలు దాటితే డాక్టర్ రాసిచ్చిన ముక్కు స్ప్రే కొట్టి, 108కి ఫోన్ చేయాలి. ఆ స్ప్రే బీరువాలో తాళం వేసి, తాళం మేనేజర్ ఇంటికి తీసుకెళ్తే ఉన్నా లేనట్టే. ఎక్కడ పెట్టారో రాత్రి డ్యూటీ మనిషినే అడగండి, మేనేజర్‌ని కాదు.

స్నానాల గది

ఫిట్స్ ఉన్న మనిషి లోపల గడియ పెట్టుకుని స్నానం చేయకూడదు. గడియ తీసేసి, తలుపు దగ్గరగా వేసి, బయట ఒకరు నిలబడాలి. వేడినీళ్ల సంగతి మా అమ్మకు బాగా తెలుసు, ముందు మోచేయి ముంచి చూసి గానీ పోయదు. హోమ్‌లో గీజర్ నీళ్లు నేరుగా బకెట్లోకి పట్టి, మగ్గు చేతికిచ్చి వెళ్లిపోతారు. 60 డిగ్రీల నీళ్లు పడితే కొన్ని సెకన్లలోనే ఒళ్లు కాలిపోతుంది. "కాలుతోంది" అని చెప్పలేని మనిషి అక్కడే నిలబడి ఏడుస్తాడు. ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడినీళ్లు కలపాలన్న చిన్న పద్ధతి ఆ ఇంట్లో ఉందో లేదో చూడండి. బాత్రూంలోనే గ్యాస్ గీజర్ బిగించి, గాలి ఆడే దారి లేకపోతే అది ప్రాణాలకే ముప్పు.

నేల తడిగా ఉందా, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవి ఎలాగూ చూస్తారు.

చెప్పలేని నొప్పి

ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ఆ హోమ్‌లో ఆరో నెలలో మా తమ్ముడు తన చెంప తానే కొట్టుకోవడం మొదలుపెట్టాడు. రాత్రుళ్లు అరిచేవాడు. "బిహేవియర్ ప్రాబ్లమ్ మేడమ్" అన్నారు. నిద్రమాత్ర డోసు పెంచారు. పండక్కి ఇంటికి తెచ్చినప్పుడు అమ్మ వాడి నోట్లో టార్చి వేసి చూసింది. కుడివైపు వెనక దంతం పుచ్చిపోయి చిగురు వాచి ఉంది. కొట్టుకునేది కూడా కుడి చెంపే. పన్ను తీయించిన నాలుగో రోజుకి కొట్టుకోవడం ఆగిపోయింది.

మాటలు రాని మనిషి ప్రవర్తన ఉన్నట్టుండి మారితే ముందు పన్ను, చెవి, కడుపు, మూత్రం చూడాలి. నిద్రమాత్రల సంగతి ఆ తర్వాత. ఈ పద్ధతి ఉందా అని హోమ్ వాళ్లను సూటిగా అడగండి. మలబద్ధకాన్ని తేలిగ్గా తీసుకోకండి. మానసిక వైద్యులు రాసే చాలా మందులు పేగుల కదలికను మందగింపజేస్తాయి, దానికి తోడు నీళ్లు తక్కువ, కూర్చునే ఉండటం. మూడు రోజులు విరేచనం కాకపోతే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎక్కడ రాస్తారు? అడగడానికి సిగ్గనిపిస్తుంది గానీ, పట్టించుకోకపోతే పేగులు మూసుకుపోయి ప్రాణం మీదకు వస్తుంది.

తిండి దగ్గర తొందర పెట్టకూడదు. మావాడు నమలకుండా మింగేస్తాడు. ఉడికించిన గుడ్డు, పల్లీలు, జంతికలు వాడికి ప్రమాదం, గొంతుకు అడ్డం పడతాయి. నిటారుగా కూర్చోబెట్టి, ముద్ద మింగాకే ఇంకో ముద్ద పెట్టాలి. అన్నం టైముకి వెళ్లి ఒక ఆయా ఎంతమందికి తినిపిస్తోందో చూడండి, చాలా తెలుస్తుంది.

ఎండాకాలం వచ్చేలోపు ఇంకోటి. కొన్ని మానసిక మందులు, వాటితో పాటు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ లాంటివి, చెమట పట్టనివ్వవు. మూడ్ అదుపులో ఉంచే లిథియం మందు వాడేవాళ్లకు ఒంట్లో నీరు తగ్గితే మందే విషమవుతుంది. దాహమని అడగలేరు కాబట్టి గంట గంటకూ నీళ్లు తాగించే మనిషి ఉండాలి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఒక్క పది నిమిషాలు మీరు కూర్చుని చూడండి.

చేయి చేసుకోవడం, కట్టేయడం

అడిగితే ఎవరూ ఒప్పుకోరు. కాబట్టి అడగడం కాదు, చూడటమే. మీరు వెళ్లినప్పుడు కేర్‌టేకర్ చేయి పైకెత్తితే పిల్లలు తల వంచేసుకుంటున్నారేమో గమనించండి. మీవాళ్లు ఇంటికి వచ్చిన మొదటి రోజు స్నానం మీరే చేయించండి. మణికట్టు, చీలమండల చుట్టూ గీతలు, వీపు మీద, తొడల మీద కమిలిన మచ్చలు ఉంటే ఫొటో తీసి తేదీ వేయండి. గొలుసులతో కట్టేయడాన్ని మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 పూర్తిగా నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద, వైకల్యం ఉన్నవాళ్లపై ఇలాంటి అఘాయిత్యాలకు 6 నెలల నుంచి 5 ఏళ్ల వరకు జైలు శిక్ష ఉంది. పోలీసులకే కాదు, ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్‌కి కూడా ఫిర్యాదు చేయవచ్చు. ఆడపిల్లల స్నానం, నెలసరి సమయంలో సాయం ఆడవాళ్లే చేయాలి, రాత్రి డ్యూటీలో కూడా. ఇందులో సర్దుకుపోవడమన్నది ఉండకూడదు.

కాగితాలు

ఇవి త్వరగా చెప్పేస్తాను. 2016 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వికలాంగుల సంస్థ నడపకూడదు. సర్టిఫికెట్ అడిగి, గడువు తేదీ చూడండి. పిల్లలకు 18 నిండాక తల్లిదండ్రులు చట్టం దృష్టిలో వాళ్ల సంరక్షకులు కారు. నేషనల్ ట్రస్ట్ చట్టం, 1999 కింద జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు చేసి లీగల్ గార్డియన్‌షిప్ తెచ్చుకోవాలి. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఈ చట్టం కిందికి వస్తాయి. అమ్మ బతికుండగానే తన తర్వాత ఎవరో తేల్చుకోండి. నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా చేయించండి, లక్ష రూపాయల దాకా వస్తుంది. సదరం (వైకల్య ధ్రువీకరణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డు జిరాక్సులే హోమ్‌కివ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి. పెన్షన్ పడే ఖాతా ఏటీఎం కార్డు హోమ్ చేతిలో పెట్టకండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీకి వెళ్తే ఈ విషయాల్లో దారి చూపిస్తారు.

మా పెదనాన్న మనవరాలు ఇంగ్లండ్‌లో సపోర్ట్ వర్కర్‌గా చేస్తోంది. అక్కడ సపోర్టెడ్ లివింగ్ అంటే ఇంటి అద్దె ఒప్పందం ఆ మనిషి పేరు మీదే ఉంటుందట, సాయం చేసేవాళ్లు విడిగా వస్తారు. ఇలాంటి సంస్థలను తనిఖీ చేసే అక్కడి కేర్ క్వాలిటీ కమిషన్ వస్తే చూసేవి ఐదు: క్షేమంగా ఉంచుతున్నారా, చేసే సాయం పనికొస్తోందా, ఆప్యాయంగా చూస్తున్నారా, మనిషి అవసరాన్ని బట్టి మారుతున్నారా, నడిపేవాళ్లు సరిగా నడుపుతున్నారా. మన దగ్గర అలా తలుపు తట్టేవాళ్లు ఎప్పుడొస్తారో అని కూర్చోలేం. ఆ ఐదూ చూసేది మనమే కావాలి.

చేర్చేటప్పుడు ఒకేసారి వదిలి రాకండి. ముందు రెండు పగళ్లు, తర్వాత ఒక రాత్రి, తర్వాత వారం. "మొదటి నెల రావద్దు, అలవాటు పడనివ్వండి" అనే చోట చేర్చకండి. నేను ఇప్పటి ఇంటికి మొదటి నెలలో తొమ్మిది సార్లు వెళ్లాను. మొదటి రోజే అక్కడి కేర్‌టేకర్ అడిగిన ప్రశ్న, "ఫిట్ వచ్చే ముందు ఏం చేస్తాడక్కా?" ఎడమ చెవి రుద్దుకుంటాడని చెప్పాను. అతను పుస్తకంలో రాసుకుని, పేజీ తిప్పి రాత్రి డ్యూటీ అతనికి చూపించాడు. పోయిన నెల ఆ పుస్తకం చూస్తే ఒక రాత్రి 2.10కి ఇలా రాసి ఉంది: చెవి రుద్దుకున్నాడు. పక్కన కూర్చున్నాను. ఫిట్ ఒకటిన్నర నిమిషం. నీళ్లు అడగలేదు, లేచాక ఇచ్చాను.