గేమ్‌లో పేరు మార్చే ముందు గడువు చూసుకోండి

పేరు మార్చడం అర నిమిషం పని. నచ్చక మళ్ళీ మార్చుకోవాలంటే మాత్రం ఒక్కో గేమ్‌కి ఒక్కో గడువు. ఆలోగా ఎవరినడిగినా లాభం లేదు. తిట్టి, మోసం చేసి రోజుకో పేరుతో తిరిగేవాళ్ళని ఆపడానికీ, ఇంకొకరి పేరు పెట్టుకుని ఆడేవాళ్ళని పట్టుకోవడానికీ పెట్టిన కట్టడి ఇది. కాబట్టి అన్ని గేముల్లో ఒకే పేరు కావాలనుకుంటే, గడువు ఎక్కువున్న గేమ్‌కి సరిపడే పేరు ముందు ఎంచుకోండి.

వాలరెంట్, లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడేవాళ్ళకి రయట్ ఐడీ, అంటే ఆ గేముల కంపెనీ రయట్ దగ్గర మీకుండే పేరు, 90 రోజులకి ఒక్కసారే మారుతుంది. పేరుకి 3 నుంచి 16 అక్షరాలు, హ్యాష్ గుర్తు తర్వాత ట్యాగ్‌కి 3 నుంచి 5. అదే పేరు వేరేవాళ్ళకి ఉన్నా ఫర్వాలేదు, ట్యాగ్ వేరైతే చాలు. బెజవాడ పిన్‌కోడ్ 520010 పెడదామంటే ఆరంకెలు, పట్టదు. పాత బండి నంబర్లలోని ఏపీ16, గుంటూరుకైతే ఏపీ07, నాలుగక్షరాల్లో చక్కగా కుదురుతాయి. ఆటలో కాదు, రయట్ సైట్‌లో అకౌంట్ పేజీకెళ్ళి మార్చాలి. సేవ్ నొక్కే ముందు స్పెల్లింగ్ ఒక్కో అక్షరం చదవండి. ఒక్క అక్షరం తప్పు పడినా ఆ అవకాశం ఖర్చయిపోయినట్టే.

మైన్‌క్రాఫ్ట్ జావాలో గడువు 30 రోజులు. పాత పేరు 37 రోజులపాటు మీకోసం పక్కన పెట్టి ఉంటుంది. ఇక్కడే చాలామంది పేరు పోగొట్టుకుంటారు. సంక్రాంతికి సరదాగా జనవరి 14న మార్చారనుకోండి. ఫిబ్రవరి 13 దాకా మార్చే వీల్లేదు, 20 దాటితే పాత పేరు ఎవరైనా తీసుకోవచ్చు. మధ్యలో ఉన్న ఆ వారమే మీది. ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

ఎపిక్‌లో, అంటే ఫోర్ట్‌నైట్‌లో, రెండు వారాలు. రోబ్లాక్స్‌లో పైకి కనిపించే పేరు ఏడు రోజులకోసారి ఉచితం, అసలు యూజర్‌నేమ్‌కి 1000 రోబక్స్ (ఆ గేమ్‌లోని డబ్బు). స్టీమ్‌లో ప్రొఫైల్ పేరు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, లాగిన్ పేరు మాత్రం ఎప్పటికీ మారదు.

ఫోన్ గేముల్లో గడువు కంటే ఖర్చే ఎక్కువ ఆపుతుంది. బీజీఎంఐలో (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) రీనేమ్ కార్డు కావాలి. కొనే ముందు ఇన్వెంటరీ, అంటే గేమ్‌లో మీ వస్తువులుండే చోటు, చూడండి, లెవెల్ రివార్డుల్లో వచ్చిన కార్డు వాడకుండా పడి ఉండొచ్చు. ఉంటే దాని మీద నొక్కి, యూజ్ కొట్టి, కొత్త పేరు రాయడమే. ఫ్రీ ఫైర్ మ్యాక్స్‌లో మామూలుగా 390 డైమండ్లు, అంటే ఆ గేమ్‌లో డబ్బుతో కొనే నాణేలు. గిల్డ్‌లో (ఆటగాళ్ళ జట్టులో) ఉన్నవాళ్ళు టోకెన్లు కూడబెట్టి నేమ్ చేంజ్ కార్డు తీసుకుంటే చాలా తక్కువలో తేలిపోతుంది. స్టైల్ అక్షరాల సైట్ల నుంచి కాపీ చేసిన పేర్లు మాత్రం వద్దు. కొన్నిటిని గేమ్ తీసుకోదు. తీసుకున్నా స్నేహితులు టైప్ చేసి వెతకలేరు.

కాలేజీ ఫెస్ట్ టోర్నమెంట్‌కి రిజిస్టర్ చేశాక, పోటీ అయ్యేదాకా పేరు కదపకండి. లాబీలో, అంటే ఆట మొదలయ్యే ముందు అందరూ చేరే చోట, కనిపించే పేరు జాబితాలో లేకపోతే బయటికి పంపేస్తారు. ఫారంలో పేరుతోపాటు నంబర్ ఐడీ కూడా రాయండి, పేరు ఎన్నిసార్లు మారినా అది మారదు. షాపులో యూసీ (బీజీఎంఐలోని డబ్బు), డైమండ్లు వేయించుకునేటప్పుడూ ఆ నంబరే చెప్పండి. స్క్రీన్ మీద మీ పేరు వచ్చాకే డబ్బులివ్వండి.