సలేశ్వరం నీళ్లు: ఎలా తాగాలి?

చైత్ర పౌర్ణమికి నల్లమల అడవిలో సలేశ్వరం జాతరకు నడిచేవాళ్లు నన్ను ముందు అడిగేది ఇదే: "అన్నా, గుండంలో నీళ్లు తాగొచ్చా?" తేటగానే ఉంటాయి, కానీ వేలమంది మునిగేది అందులోనే కదా! తాగే నీళ్లు ఇంటినుంచే మోసుకెళ్లండి, బరువైనా సరే.

అయిపోతే, జనం దిగని చోట పారే నీళ్లు పట్టండి. బురదగా ఉంటే తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డతో వడకట్టండి. గుడ్డ మట్టినే ఆపుతుంది, క్రిముల్ని కాదు. ఎండాకాలం అడవిలో నిప్పు మాటే ఎత్తొద్దు, అందుకే క్లోరిన్ బిళ్లలు. ప్యాకెట్ మీది కొలత ప్రకారం వేసి, మూత కాస్త వదులు చేసి సీసా వంచండి. మూత బిగించే మరల్లోంచి మందు నీళ్లు కారాలి. పెదవి తగిలేది అక్కడే, అందరూ మరిచేదీ అదే. తర్వాత అరగంట ఆగండి.

విరేచనాలు తెచ్చే క్రిప్టోస్పోరిడియం అనే క్రిమి క్లోరిన్‌కి లొంగదు. ట్రెక్కింగ్ ఫిల్టర్ ఉంటే ముందు దాంతో వడకట్టి, ఆపై బిళ్ల వేయండి.

హిమాలయాల్లో స్టవ్ ఉంటుంది కాబట్టి కాచుకోవడమే మేలు. చిన్న బుడగలు చూసి దించేయకండి. 2,000 మీటర్ల ఎత్తు దాటాక 3 నిమిషాలు తెర్లాలి.

విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ తాగిస్తూ కిందికి దించండి. ఆ ప్యాకెట్ కలిపేదీ శుద్ధిచేసిన నీళ్లలోనే.