మ్యాప్ మీద యుద్ధం ఆడించేదెలా

సైన్యంలో ఉండగా మ్యాప్ రీడింగ్ నేర్పేవాణ్ణి. రిటైరయ్యాక ఇప్పుడు ఎన్‌సీసీ పిల్లల చేత వార్ గేమ్ ఆడిస్తున్నాను. దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. రెండు గదులు, మధ్యలో ఒక వరండా, ఒకే టోపోషీట్ (కొండలు, వాగులు, దారులు చూపే మ్యాప్) మూడు కాపీలు, ఒక పాచిక, బోలెడు చీటీలు ఉంటే చాలు.

ఎర్ర జట్టు ఒక గదిలో, నీలం జట్టు ఇంకో గదిలో. అంపైర్ వరండాలో. ఇద్దరి బలగాలూ అంపైర్ మ్యాప్ మీదే కనిపించాలి. జట్ల మ్యాపుల మీద తమవీ, తమ కంటపడిన శత్రువువీ మాత్రమే. 1824లో ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) లెఫ్టినెంట్ రైస్విట్జ్ తెచ్చిన ఆటకు ప్రాణం ఇదే. ఆయన ఒక్కో వంతుకు 2 నిమిషాలు పెట్టాడు. మన 1:50,000 షీటు (సెంటీమీటరుకు అర కిలోమీటరు) మీద 2 నిమిషాల నడక కంటికి ఆనదు కాబట్టి నేను 15 నిమిషాలు పెడతాను. గంటకు 4 కిలోమీటర్ల నడకైతే వంతుకు ఒక కిలోమీటరు, అంటే షీటు మీద 2 సెంటీమీటర్లు.

ఆర్డర్లన్నీ చీటీ మీదే రాయాలి. దూరంగా ఉన్న దళానికి వెళ్లే చీటీని అంపైర్ ఒక వంతు ఆపి ఇవ్వాలి. పిల్లలకు అసలు టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

పాచికలో ఎంత పడితే దాడి నెగ్గినట్టో ముందే బోర్డు మీద రాసెయ్యండి. పడ్డాక మార్చకండి. 1942లో మిడ్‌వే యుద్ధానికి ముందు జపాన్ నౌకాదళం ఇలాగే ఆడి చూసుకుంది. అమెరికా విమానాల దాడిలో జపాన్ నౌకలకు 9 బాంబులు తగిలాయని పాచిక చెబితే, ఆటను నడుపుతున్న అడ్మిరల్ ఉగాకి వాటిని 3కు తగ్గించాడు. పాచిక లెక్కన మునగాల్సిన అకాగి, కాగా విమానవాహక నౌకలు రెండూ తర్వాత నిజం యుద్ధంలో పోయాయి.

నేనూ ఒకసారి ఆ తప్పే చేశాను. ఓడిపోతూ ఏడుపు మొహం పెట్టిన కుర్రాణ్ణి చూసి మనసు కరిగి, వంతెన వాడికే వదిలేశాను. ఫ్లాంకు (దళం పక్క వైపు) ఖాళీగా వదిలిన సంగతి వాడికి తెలియనే లేదు. నా జాలి వల్ల వాడికి పాఠం పోయింది.

ఆట రెండు గంటలైతే చర్చకు ఇంకో గంట ఉంచుకోండి. చీటీలను వరసగా పైకి చదివించండి. "ఎందుకలా చేశావ్?" అని అడిగితే పిల్లలు బిగుసుకుపోతారు. "ఈ చీటీ రాసేటప్పటికి నీకేం తెలుసు?" అని అడగండి. ఆ తర్వాత గదులు మార్చి, అదే నేల మీద మళ్లీ ఆడించండి.