డెంగీ కాలంలో ఆకు పసరు: జ్వరం దిగిన రోజే అసలు జాగ్రత్త

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ఈశాన్య రుతుపవనాల వానలు. తిరుపతి, పుత్తూరు, శ్రీకాళహస్తి, చిత్తూరు, ఎక్కడ చూసినా డెంగీ జ్వరాలు లేచే కాలం. దోమల సంగతి అందరూ చెబుతూనే ఉన్నారు, దాన్ని వదిలేస్తున్నాను. ఏటా ఈ నెలల్లో వినిపించే వార్త ఒకటుంది: జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న మర్నాడే బిడ్డ కాళ్లూ చేతులూ చల్లబడి ఐసీయూలో చేరడం. అలాంటి ఇళ్లలో తరచుగా వినిపించే మాట, "బొప్పాయి ఆకు పసరు తాగించాం, పనిచేసింది కదా అనుకున్నాం."

ఆ అనుకోవడమే కొంప ముంచుతోంది. డెంగీ జ్వరం మందు వేసినా వేయకపోయినా సాధారణంగా మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య దిగిపోతుంది. సరిగ్గా అప్పుడే సన్నని రక్తనాళాల గోడల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, కారి పొట్టలోకి, ఛాతీలోకి చేరడం మొదలవుతుంది. ఈ దశ 24 నుంచి 48 గంటలు. బీపీ పడిపోయేది, షాక్‌లోకి వెళ్లేది ఈ గంటల్లోనే. మనవాళ్లు పసరు మొదలుపెట్టేది రెండో రోజో మూడో రోజో. నాలుగో రోజు జ్వరం దిగితే పేరు పసరుకి పోతుంది, బిడ్డ మీద కన్ను పక్కకు పోతుంది. జ్వరం దిగిందంటే ప్రమాదపు గంటలు మొదలయ్యాయని లెక్క.

రక్తపరీక్ష కాగితంలో అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు. అదే కాగితంలో పీసీవీ లేదా హెచ్‌సీటీ అని ఇంకో వరస ఉంటుంది, రక్తంలో ఎర్ర కణాల వాటా ఎంత శాతమో చెప్పే అంకె అది. మొదటి రోజు 38 ఉన్నది నాలుగో రోజుకు 46 అయిందంటే ప్లాస్మా కారిపోయి రక్తం చిక్కబడింది. అప్పుడు ప్లేట్‌లెట్లు 90 వేలున్నా ఇంట్లో ఉంచకూడదు. కోలుకునే దశలో ప్లేట్‌లెట్లు వాటంతట అవే పెరుగుతాయి. బొప్పాయి ఆకుతో అవి కాస్త త్వరగా పెరిగాయని కొన్ని చిన్న పరీక్షల్లో తేలిన మాట నిజమే. ప్లాస్మా కారడాన్ని అది ఆపుతుందని మాత్రం ఎవరూ నిరూపించలేదు. పైగా ఆ చేదుకు పిల్లలు వాంతి చేసుకుంటారు. వాంతులు ఆగకపోవడం డెంగీలో ప్రమాద సూచన. పసరు వల్ల వచ్చిన వాంతో, జబ్బు ముదిరిన వాంతో డాక్టరు కూడా తేల్చుకోలేని పరిస్థితి తెస్తాం.

నేలవేము కషాయం విషయం వేరు. తమిళనాడు ప్రభుత్వం డెంగీ కాలంలో పంచే నిలవేంబు కుడినీర్ అంటే నేలవేముతో కలిపి తొమ్మిది దినుసుల కషాయం పొడి. వేలూరు, తిరుత్తణి వైపు నుంచి ఆ పొట్లాలు మన ఇళ్లకూ వస్తుంటాయి. నేలవేములోని ఆండ్రోగ్రాఫోలైడ్ అనే పదార్థం ల్యాబ్‌లో కొన్ని వైరస్‌లను అడ్డుకుంది. కానీ తాగిన కషాయంలోంచి అది రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మొక్కల్లో మందు లేదని కాదు. మలేరియాకు వాడే ఆర్టెమిసినిన్ మొక్కలోంచే వచ్చింది, దానికి 2015లో చైనా శాస్త్రవేత్త టు యూయూకి నోబెల్ ఇచ్చారు. ఆ పదార్థాన్ని వేరుచేసి, మోతాదు తేల్చి, మనుషుల మీద పరీక్షించాకే అది మందయింది. నేలవేము షుగర్‌ను తగ్గిస్తుంది. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు తిండి లేని జ్వరంలో దీన్నీ తాగితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. గర్భిణులకు నేలవేమూ వద్దు, బొప్పాయి ఆకూ వద్దు.

తిప్పతీగ రోజూ తాగినవాళ్లలో కాలేయం దెబ్బతిన్న కేసులను 2021లో ముంబై డాక్టర్లు ప్రచురించారు. డెంగీలో కాలేయం తరచుగా ముందే వాచి ఉంటుంది, పైన పారాసెటమాల్ పడుతుంటుంది, దాని మీద ఇదొకటి. తీగ కూడా అదో కాదో చూడాలి. కాండం బూడిద రంగులో, బుడిపెలతో ఉండి, కోస్తే పాలు కారితే అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగ.

ఇక వరసగా చెబుతున్నాను.

జ్వరం దిగిన రోజు నుంచి రెండు రోజులు బిడ్డను బడికి పంపొద్దు. రాత్రి కూడా లేపి చూడండి.

నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మూత్రం రావాలి. రాకపోతే ఆస్పత్రి.

కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, నల్లటి విరేచనం, మత్తు, చిరాకు: ఒక్కటి కనిపించినా ఆస్పత్రి. "ఇంకో పూట పసరు చూద్దాం" అనొద్దు.

పారాసెటమాల్ ఒక్కటే. బిడ్డ బరువు కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటల ఎడంతో. సిరప్ సీసా మీద 5 మి.లీ.కి 125 అని ఉందా 250 అని ఉందా చదివే పోయండి.

బ్రూఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వద్దు. స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు మొదటి రోజే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపొద్దు.

జ్వరం దిగాలని ఊళ్లో నడుముకు సూది వేయించొద్దు.

ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని దాని మీద రాసినన్ని నీళ్లలోనే కలపండి, పెద్ద ప్యాకెట్‌కైతే లీటరు. అర ప్యాకెట్, ఒక గ్లాసు లెక్కలు వద్దు.

బలానికని గానోడెర్మా పుట్టగొడుగు పొడి వాడుతుంటే జ్వరంలో ఆపేయండి. రక్తం గడ్డకట్టడాన్ని అది మందగింపజేయవచ్చు.

వానకు మొలిచిన పుట్టగొడుగును బలానికని గుర్తు తెలియకుండా వండి పెట్టొద్దు. ఉడికించినా పోని విషాలున్నాయి. వెండి చెంచా నల్లబడలేదన్నది పరీక్షే కాదు. తిన్న ఆరు గంటలు దాటాక వాంతులు మొదలైతే కాలేయానికి ప్రమాదమని అనుమానించాలి.

మళ్లీ చెబుతున్నాను, జ్వరం దిగిందని పసరుకు దండం పెట్టి నిద్రపోవద్దు. ఆ పూటే రక్తపరీక్ష చేయించండి, పీసీవీని పాత కాగితంతో పోల్చండి.

ఆస్పత్రిలో ఏం తాగించారో దాచొద్దు. ఏ ఆకు, ఎన్ని పూటలు, ఆఖరుసారి ఎప్పుడు, అన్నీ చెప్పండి. పొట్లం ఉంటే పట్టుకెళ్లండి.

అర్ధరాత్రి లక్షణం కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేయండి, బండి వచ్చేలోపు పాత రిపోర్టులన్నీ ఒక కవర్లో పెట్టుకోండి.