ప్రొపెల్లర్ స్లిప్ మైనస్‌లో వస్తోందా? నాకు ఎక్కడ దొరికిందంటే

అట్లాంటా దగ్గర లేక్ లేనియర్‌లో మా ఔట్‌బోర్డ్ బోట్‌కి (ఇంజిన్ వెనక బయట బిగించి ఉంటుంది) స్లిప్, అంటే ప్రొపెల్లర్ లెక్క ప్రకారం రావాల్సిన స్పీడ్‌ కంటే బోట్ అసలు స్పీడ్ ఎంత శాతం తక్కువో లెక్కేస్తే మైనస్ 2 శాతం దాకా వచ్చేది, అంటే ప్రొపెల్లర్ తోసేదానికంటే బోటే ఫాస్ట్‌గా పోతున్నట్టు. హల్ (బోట్ అడుగు భాగం) కడిగా, ఆర్‌పీఎం మీటర్ మార్చా, స్పీడోమీటర్ వదిలేసి జీపీఎస్ పెట్టా, ఏం తేడా లేదు.

చివరికి గేర్ రేషియో (ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరగడానికి ఇంజిన్ ఎన్ని చుట్లు తిరగాలో) నేనే కొలిచా. ముందు ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ తాడు లాగేసి, స్పార్క్ ప్లగ్‌లన్నీ ఊడదీసి (ఇది మాత్రం వదలొద్దు, చెయ్యి పోతుంది), ఫార్వర్డ్ గేర్‌లో పెట్టి, ఫ్లైవీల్‌ (ఇంజిన్‌తో పాటే తిరిగే చక్రం) మీదా ఒక ప్రొపెల్లర్ రెక్క మీదా చాక్‌పీస్‌తో గీత గీసి ఫ్లైవీల్‌ని చేత్తో మెల్లగా తిప్పా. ప్రొపెల్లర్ 4 చుట్లు తిరిగేసరికి ఫ్లైవీల్ సరిగ్గా 7 చుట్లు, అంటే 1.75. నేను ఇన్నాళ్లూ వాడింది 2.07, అదే హార్స్‌పవర్‌లో వేరే మోడల్‌ది!

తర్వాత గాలికి ఎదురుగా ఒకసారి, గాలి వాలున ఒకసారి నడిపి జీపీఎస్ సగటు తీస్తే 5200 ఆర్‌పీఎం దగ్గర గంటకి 46 మైళ్లు. 5200ని పిచ్ (ప్రొపెల్లర్ ఒక చుట్టుకి లెక్క ప్రకారం ముందుకు పోయే అంగుళాలు) 19తో గుణించి, 1.75తో, మళ్లీ 1056తో భాగిస్తే 53.5, స్లిప్ లేకపోతే రావాల్సిన స్పీడ్ అది (మైలుకి 63360 అంగుళాలు, దాన్ని 60తో భాగిస్తే ఆ 1056). 46ని 53.5తో భాగిస్తే 0.86, కాబట్టి స్లిప్ 14 శాతం.

మీ దాంట్లో కూడా తప్పు రేషియోలోనే ఉంటుందని చెప్పలేను, రెక్కల కప్పింగ్ (అంచు దగ్గర ఇచ్చే వంపు) వల్ల అసలు పిచ్ రాసినదానికంటే ఎక్కువున్నా మైనస్ రావచ్చు. నేనైతే ముందు ఆ 7 చుట్లు లెక్కపెట్టమంటా.